దిగని అడుగు

ఇస్తారి కాకకూ నాకూ పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. ఇక ముందు ఎక్కడైనా నేనాయన్ని మెచ్చుకుంటున్నట్టు కనిపిస్తే అది నా చేతి పొరపాటనుకోండి. అమీర్‌పేటలో ఆయన నోటికి జడవని మనిషి లేడు. బ్లౌజు మీద నెమలి కుట్టించుకుందామని ఫోన్లో బొమ్మ పట్టుకొచ్చిన పెళ్లికూతురిని, "గిది నెమలి కాదు బిడ్డా, మెడ ఇరిగిన కోడి. నేను కుట్ట, పో" అని పంపించేస్తాడు. ఆ పిల్ల ముఖం ముడుచుకుని మెట్లు దిగుతుంటే ఆయన భార్య కొమురమ్మ వెనకాలే వెళ్లి చెయ్యి పట్టుకుని పైకి తీసుకొస్తుంది. ఆ దుకాణం నడుస్తున్నదంటే కొమురమ్మ వల్లే నడుస్తున్నది.

దుకాణం కోచింగ్ సెంటర్ల సందులో, మొదటి అంతస్తులో ఉంటుంది. కింద కోర్సుల కరపత్రాలు పంచేవాళ్లని తోసుకుంటూ మెట్లెక్కాలి. లోపల ఒక కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను, ఒక పాత కంప్యూటరు, గోడంతా గ్రాఫ్ కాగితాలు. పువ్వైనా పిట్టైనా ఆయన ముందు గ్రాఫ్ కాగితం మీద పెన్సిలుతో గడి తర్వాత గడి నింపుతాడు, తర్వాతే కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు. ఆయనది సిద్దిపేటలో నేతవాళ్ల ఇల్లు. పదేళ్ల వయసు నుంచి గొల్లభామ చీర నేశాడు. నెత్తిన చల్దికుండ పెట్టుకుని నిలబడ్డ ఆడమనిషి, జానెడు కూడా ఉండదు, చీర పొడుగునా అదే బొమ్మ. మగ్గం వదిలి పట్నం వచ్చినా చేతికి ఆ గడుల లెక్క పోలేదు.

నా పేరు మంజూష. పంజాగుట్టలో వీడియో గేములు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో టెస్టర్‌ని. ఆటలో తప్పులు వెతికి, వాటికి నంబర్లు వేసి రాయడం నా ఉద్యోగం. పుట్టినప్పటి నుంచీ నీ బుద్ధి అదే, జీతం మాత్రం ఇప్పుడొస్తున్నదని మా అమ్మ అంటుంది. ఆ కంపెనీ యజమాని భార్గవ్. పదేళ్ల కింద ఏలూరు నుంచి కోర్సు చేయడానికి వచ్చి, ఇస్తారి కాక దుకాణం పైన హాస్టల్లో ఉండేవాడు. రోజూ మెట్లు దిగుతూ గోడ మీది గ్రాఫ్ కాగితాలు చూసేవాడట. ఒకరోజు లోపలికొచ్చి, "ఇస్తారి గారూ, ఈ గళ్లలో మనిషిని నడిపించగలరా?" అని అడిగాడు.

"ముప్ఫై ఏండ్లసంది నిలవెట్టుడే తెలుసు. నడిపిస్తే నడుస్తదా?" అన్నాడట ఈయన.

నడిచింది. గొల్లభామ కోసం ఎనిమిది కాగితాల్లో నడక గీశాడు, మూడింట్లో దూకుడు గీశాడు. 'చల్దికుండ' ఆట అట్లా పుట్టింది. పక్కకు నడుస్తూ, బండ మీంచి బండ మీదికి దూకుతూ, పొలం దాకా కుండ చేర్చాలి. ఇంతే ఆట. కానీ దూకినప్పుడల్లా నెత్తి మీది కుండ ఒక్క గడి పైకి లేచి, కాళ్లు నేలకు ఆనిన తర్వాత రవ్వంత ఆగి మళ్లీ నెత్తిన కూర్చుంటుంది. ఆ ఒక్క గడి భార్గవ్ బుర్రలోది కాదు. "కుండను నెత్తికి మొల కొట్టి పెట్టిన్రా? మనిషి దుంకితె కుండ జర లేస్తది. గది లేస్తెనే సూసేటోని పానం గుభేలంటది" అని ఇస్తారి కాక పెట్టించాడు. ఆట ఆడినవాళ్లలో నూటికి తొంభై మంది మెచ్చుకున్నది ఆ గుభేలునే.

ఇక గొడవంతా చివరి కాగితం దగ్గర వచ్చింది. ఆఖరి బండ మీదికి చేరిన గొల్లభామ పొలం గట్టు మీదికి అడుగు వేయాలి. ఇస్తారి కాక కాలు ఎత్తడం వరకే గీశాడు. దించడం గీయలేదు. భార్గవ్ బతిమాలితే ఆయన చెప్పిన మాట ఇది: "చీర అయిపోయినంక పడుగు మొత్తం కోసుకుంటమా? బెత్తెడు మగ్గం మీదనె ఇడుస్తం. దానికే కొత్త పడుగు అతుకుతం. నువ్వు రెండోది సుత చేస్తనంటివి గద? గండ్లనె దించుతా కాలు."

పడుగంటే మగ్గం మీద నిలువుగా సాగదీసిన పోగులు. నేతవాళ్ల పద్ధతి అది నిజమే. వేళ్లకు బూడిద అద్దుకుని, కొత్త పోగును పాత పోగు కొసకు మెలిపెట్టి, ఒక్కొక్కటిగా వేల పోగులు అతుకుతారు. పాతది మొత్తం కోసేస్తే కొత్తది ఎక్కించడం మొదటికొస్తుంది. ఆటకు ఆ పద్ధతి పట్టించింది మాత్రం ప్రపంచంలో ఈయనొక్కడే. భార్గవ్ అప్పుడు కుర్రాడు, పని జరిగితే చాలు. "అలాగేనండి, రెండో భాగం ఆ అడుగుతోనే మొదలుపెడదాం, మాటిస్తున్నా" అన్నాడు.

నేను కంపెనీలో చేరిన మొదటి వారమే ఆ ఎత్తిన కాలును లోపంగా రాశాను. భార్గవ్ నవ్వి, వెళ్లి ఆయన్నే అడగమని నన్ను అమీర్‌పేట పంపాడు. ఇస్తారి కాకతో నా పరిచయం అట్లా మొదలైంది.

"లోపమా? దర్వాజ తెరిచి పెడితె లోపమంటరా, మనిషొస్తడని పెట్టిన్రంటరా? నీ తలకాయల ఉన్నది లోపం" అని పది మంది కస్టమర్ల ముందు అరిచాడు. కొమురమ్మ చాయ్ ఇచ్చి కూర్చోబెట్టింది. ఆ చాయ్ కోసమే వారానికోసారి వెళ్లడం అలవాటైందని నేను అనుకునేదాన్ని. ఆయన రోజూ పొద్దున దుకాణం తెరిచి, దేవుడి పటం ముందు అగరుబత్తి వెలిగించి, మిషను ఆన్ చేసే ముందు కంప్యూటర్లో ఆ ఆఖరి దారి ఒకసారి ఆడేవాడు. ఒక్క బండ కూడా తప్పేవాడు కాదు. కాలు లేచి ఆగిపోగానే, "ఆగు బిడ్డా, వస్తున్నరు" అని తెర కట్టేసేవాడు. ఇట్లా తొమ్మిదేళ్లు.

పోయిన ఏడాది భార్గవ్ రెండో భాగం వస్తున్నదని ప్రకటించాడు. ఇస్తారి కాక అంత సంతోషంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు, భరించడం కష్టమైంది. తిట్టే మనిషి తిట్టడం మానేస్తే ఎదుటివాళ్లకు ఏం చేయాలో తోచదు. ఎవరూ పిలవకుండానే కొత్త గ్రాఫ్ కాగితాల కట్ట తెచ్చుకుని గీయడం మొదలుపెట్టాడు. పడుగు అతికేవాడు మళ్లీ మళ్లీ పిలిపించుకుంటాడా, మగ్గం ఖాళీ అయితే తానే వస్తాడు కదా అని ఆయన లెక్క. నాలుగు నెలల్లో నలభై మూడు కాగితాలయ్యాయి. మొదటిది, కాలు దిగడం. తర్వాతవి గట్టు మీద నడక, వంగడం, వానలో కొంగు కప్పుకోవడం. బ్లౌజుల కోసం వచ్చిన ఆడవాళ్లకు కూడా చూపించి, "గీ దసరకు దిగుతది" అని చెప్పేవాడు.

ఆ కాలు దిగదని నాకు తెలుసు. మొదటి మీటింగులోనే భార్గవ్ పాత కథ తీసిపారేశాడు. కొత్త ఆర్టిస్టులొచ్చారు, ఇస్తారి కాక పేరు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆయనకు చెప్పాలని నాలుగు నెలలు ప్రతి శనివారం అనుకుని, ఆయన పెన్సిలు చెక్కుతుంటే చూస్తూ చాయ్ తాగి వచ్చేశాను. ఆయన నోటికి భయపడ్డానని చెప్పుకుంటే సగం నిజం. ఆ సంతోషం నా చేతుల్లో పగలడం నాకిష్టం లేదు, ఇంకెవరి చేతుల్లోనైనా పగలనీ అనుకున్నాను. ఇది పిరికితనం. దీనికి ఇంకో పేరు లేదు.

ట్రైలర్ వచ్చినరోజు నా ఫోన్లోనే చూశాడు. తెర మీద నున్నటి ముఖం, గాలికి ఎగిరే జుట్టు.

"గీ పోరి ఎవలు?"

"ఆమెనే కాకా."

"ఆమె గాదు" అని ఫోను తిరిగిచ్చి, తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. "షురువుల కాలు దించి, తర్వాత గీ ఏశాలు ఏస్తరు కావొచ్చు."

ఆటను ముందుగా జనంతో ఆడించి చూడటానికి ఒక శనివారం మధ్యాహ్నం పంజాగుట్ట ఆఫీసులో ఇరవై మందిని పిలిచారు. ఇస్తారి కాక ఇస్త్రీ చొక్కా వేసుకుని, నలభై మూడు కాగితాలు చుట్టచుట్టి చీర కవర్లో పెట్టుకుని వచ్చాడు. నేనే రమ్మన్నాను. అంతకంటే మర్యాదగా చెప్పే ధైర్యం లేక రమ్మన్నాను.

ఆ ఆట గురించి నా అభిప్రాయం కూడా ఇక్కడే చెబుతాను, జీతం ఇచ్చేవాళ్లు ఏమనుకున్నా సరే. దూకితే మనిషికి బరువు లేదు, సబ్బు బుడగలా తేలి ఎక్కడో దిగుతుంది. తప్పు దూకినా ఆటే పట్టుకుని బండ మీద పెడుతుంది, ఇక గుభేలు ఎక్కడిది? కుండ బంక పెట్టి అతికించినట్టు నెత్తికే ఉంటుంది. పైగా ఒక చిలక, "ఇప్పుడు దూకు, ఇప్పుడు దూకు" అని ప్రాణం తీస్తుంది. పది అడుగులకొక పెట్టె తెరుచుకుని నగలిస్తుంది. చల్ది మోసుకెళ్లే మనిషికి నగలెందుకు? వాన మాత్రం బాగా చేశారు, ఒప్పుకుంటాను. బండల మీద నీళ్లు జారుతుంటే కాళ్లు నిజంగా జాగ్రత్తపడతాయి. మిగతాదంతా పెళ్లిలో పెట్టే ప్లాస్టిక్ అరటిచెట్టు.

ఇస్తారి కాక కూర్చుని ముందు ఎక్కడికీ కదల్లేదు. నిలబడ్డ చోటే ఆమెను దూకించాడు. మళ్లీ దూకించాడు. కళ్లు కుండ మీద పెట్టి పదకొండుసార్లు దూకించాడు. వెనక నిలబడ్డ కుర్రాళ్లు, "అంకుల్, ముందుకు పోండి" అని నవ్వారు. ఆయన ముందుకు పోలేదు. వెనక్కి తిప్పి, ఎడమ పక్కకు నడిపించడం మొదలుపెట్టాడు. ఆమె కాళ్లు ఆడుతున్నాయి, మనిషి జరగడం లేదు. అక్కడ కనబడని గోడ ఉంది. ఆయన ఎడమ బటను మీంచి వేలు తీయలేదు. పాత ఆట ఆఖరి బండ అటే ఉండాలి మరి.

"ఎనకకు పోతలేదేంది?" అన్నాడు.

భార్గవ్ వచ్చి ఆయన భుజం మీద చెయ్యేశాడు. "వెనకేం లేదు ఇస్తారి గారూ. ఇది కొత్తగా మొదలు. పాత ఆట ఆడనివాళ్లకీ నచ్చాలి కదండీ."

"మరి కాలు?"

"కాలేంటండి?"

"లేపి పెట్టిన కాలు. ఇండ్ల దించుతమంటివి. మాటిచ్చినవ్."

భార్గవ్‌కు గుర్తొచ్చింది. గుర్తురానట్టు ఉన్నా బాగుండేది, నవ్వాడు. "ఓ, అదా! దాని మీద జనం ఇప్పటికీ వాదించుకుంటున్నారండి. అలా ఉంటేనే అందం. అదో మిస్టరీ."

ఇస్తారి కాక లేచి నిలబడ్డాడు. "నిలవడి సూడు."

"ఏంటండి?"

"ఒక్క కాలు మీద. నెత్తిన కుండ వెట్టుకొని. నిలవడు, మిస్టరీ ఎట్లుంటదో ఎర్కైతది."

ఆయన చీర కవర్లోంచి కాగితాల చుట్ట తీసి బల్ల మీద పెట్టాడు. భార్గవ్ రెండు కాగితాలు తిప్పి చూసి, అందరూ వింటున్నారని గొంతు తీపి చేసుకుని, "ఇవి స్కాన్ చేసి ఆట చివర్లో గ్యాలరీలా పెడదామండి, మీ జ్ఞాపకంగా" అన్నాడు.

"సచ్చినోళ్ల ఫొటోకు దండ ఏసినట్టా? నేనింక సావలే" అని చుట్ట మళ్లీ చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు.

నేను మెట్ల దగ్గర అందుకున్నాను. ఆయన నా వైపు చూడకుండానే అడిగాడు.

"నీకెర్కనా?"

"ఎరుకే కాకా."

"ఎన్ని దినాలసంది?"

"నాలుగు నెలలు."

"నా దుకాండ్లకచ్చి, నా చాయ్ తాగుకుంట, నేను గీస్తుంటె సూసుకుంట కూసున్నవ్." ఆయన అరవలేదు, అందుకే నాకు భయమేసింది. "గాడు వ్యాపారి, మాట తప్పిండు. నువ్వో? అందరి తప్పులు రాసుడే గద నీ పని. నీ తప్పెవలు రాస్తరు?"

ఆ చుట్టను కర్రలా పట్టుకుని మెట్రో స్తంభాల పక్కనుంచి అమీర్‌పేట వైపు నడుచుకుంటూ పోయాడు. నాకు ఒళ్లు మండింది. నిజం చెప్పినవాళ్ల మీద వచ్చినంత కోపం అబద్ధం చెప్పినవాళ్ల మీద రాదు.

సోమవారం పొద్దున ఆఫీసుకెళ్లి మొదట చేసిన పని ఒక లోపం రాయడం. నంబరు మూడు వందల పదకొండు: 'మొదటి భాగం చివర ఎత్తిన కాలు ఎక్కడా దిగలేదు.' నాలుగు నిమిషాల్లో భార్గవ్ జవాబొచ్చింది. 'ఇది లోపం కాదు.' ఒకప్పుడు దాన్ని లోపమని రాసి ఇస్తారి కాక చేత తిట్లు తిన్నాను, ఇప్పుడు లోపం కాదని ఇంకొకడు చెబుతున్నాడు. కుర్చీలో కూర్చుంటే ఆ గది గాలే పడలేదు. అప్పుడు పాత ఆట గుర్తొచ్చింది.

ఆ పాత ఆట కంపెనీలో ఎవరికీ పట్టదు. కొత్త ఫోన్లలో నడిచేలా ఏడాదికోసారి చిన్న మార్పు చేసి పంపే పని నా ఒక్కదాని మీదే పడేశారు. ఆ మార్పు పంపే గడువు ఆ గురువారమే. మధ్యాహ్నం సెలవు పెట్టి అమీర్‌పేట వెళ్లాను.

ఇస్తారి కాక తలెత్తలేదు. కొమురమ్మ చాయ్ తెచ్చింది, నేను ముట్టుకోలేదు. "కాకా, పాత ఆటలోనే కాలు దించుతా. మొదటి కాగితం ఇవ్వు చాలు. ఎవరినీ అడిగేది లేదు" అన్నాను.

"వద్దు."

"ఎందుకు?"

"దించితె అయిపాయె గద. అతికెటోడు ఇగ రాడని పడుగు నేనే కోసుకున్నట్టు. నా చేతులతోని నేను కోసుకోను. నువ్వు పో."

నాకూ రోషం వచ్చింది. "వస్తారని ఇంకా చూస్తున్నావా? అక్కడ గోడ కట్టారు, నీ వేలితోనే నొక్కి చూశావు కదా" అన్నాను. ఆయన గ్రాఫ్ స్కేలు బల్ల మీద కొట్టాడు. ఇద్దరం ఇంకేమేం అనుకునేవాళ్లమో, కొమురమ్మ మిషను ఆపేసింది. ఆ మోత ఆగేసరికి దుకాణమంతా ఖాళీ అయినట్టయింది.

"ఏమయ్యా, గా పిలగాన్ని ఒక్క కాలు మీద నిలవడుమన్నవంట గద" అంది దారపు ఉండ చుట్టుకుంటూ. "పంతం వానిది గొంత, నీది గొంత. మరి తొమ్మిదేండ్లసంది నిలవడ్డది ఎవలు? అది. నెత్తిన కుండతోని. వాడు ఒక్కపారి ఇడిచిపెట్టి మర్సిపోయిండు. నువ్వు దినాము పొద్దుగాల్ల దాన్ని గా బండ దాక ఉరికిచ్చి, కాలు లేపి ఇడిచిపెడ్తివి. దినాము నిలవెట్టినోనివి నువ్వే."

ఆమె ఆయన నోరు మూయించడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆయన చీర కవర్లోంచి చుట్ట తీసి, మొదటి కాగితం విడదీసి నా ముందుకు తోశాడు. కాలు నేలకు ఆనుతుంది, కుండ ఒక్క గడి లేస్తుంది, కూర్చుంటుంది. అన్నీ నాలుగు నెలల కిందే సిద్ధంగా ఉన్నాయి.

"కుండ సుత దించు" అంది కొమురమ్మ.

"కుండ దించినంక గొల్లభామ ఏడుంటది? మా తాతలకాంచి ఎవలన్న గట్ల నేసిన్రా?"

"ఎవలు నెయ్యలే. మెడ నొయ్యదా దానికి? దించు."

ఆయన తిట్టుకుంటూనే కొత్త కాగితం తీశాడు. నాలుగు వేసి చించేశాడు. సాయంత్రం కోచింగ్ పిల్లలు సందులో నిండే వేళకు ఐదోది కుదిరింది. కుండ నేల మీద ఉంది. ఆమె ఒక చెయ్యి నడుము మీద వేసి, ఇంకో చేత్తో మెడ వెనక రాసుకుంటున్నది. ఆ చెయ్యి మొత్తం ఐదు గడులు. ఆయన రబ్బరు పొట్టు ఊది, కాగితం నాకిస్తూ, "తప్పుల్లేకుంట పెట్టు. నీ మీద నమ్మకం లేదు" అన్నాడు.

గురువారం అది జనంలోకి వెళ్లింది. శుక్రవారం భార్గవ్ నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు. "ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్ని?" అని అడిగాడు. "లోపం సరిచేశాను సర్. నంబరు మూడు వందల పదకొండు" అన్నాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. కానీ అప్పటికే పాత ఆట ఆడినవాళ్లు ఆ మెడ రాసుకోవడం చూసి కన్నీళ్లు పెట్టుకున్నామని వేలల్లో రాస్తున్నారు. సాయంత్రానికి కంపెనీ పేజీ మీద భార్గవ్ ఫొటోతో ప్రకటన వచ్చింది, అది మా అభిమానులకు మేమిచ్చిన కానుక అని. ఇస్తారి కాక పేరు అందులో లేదు. ఉమ్మేయడానికి కూడా మనసొప్పని రోజులుంటాయి, అదొకటి.

మర్నాడు, శనివారం పొద్దున్నే వెళ్లాను. ఆ ప్రకటన గురించి ఆయనకు ముందు నేనే చెప్పాలని, ఈసారి దాచకూడదని వెళ్లాను. చెప్పాను. ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ విని, "వాని ఫొటో వానికి" అన్నాడు. అగరుబత్తి సగం కాలింది. కంప్యూటరు తెర నల్లగా ఉంది. ఆయన రోజూ కూర్చుని ఆడే స్టూలు మీద బ్లౌజు ముక్కలు మడతపెట్టి ఉన్నాయి.

"ఆడవా కాకా ఇయ్యాల?" అన్నాను.

ఆయన మిషను ఆన్ చేసి, ఆ మోత మీదుగా నా మీద అరిచాడు.

"నీకేమన్న తెలివున్నదా? ఇల్లు చేరి కుండ దించుకున్న పిల్లను మల్ల తొవ్వ వట్టియ్యమంటవా?"